మాట మోసిన పిల్ల

అక్టోబర్ 3
ఫ్యామిలీ కోర్టులో మధ్యవర్తుల ట్రైనింగ్ మొదలైంది. పన్నెండు మందిమి, అందరం తల నెరిసిన బ్యాచ్. పాఠం చెప్పే కువబర గారికి మాత్రం ముప్ఫై నాలుగేళ్ళుంటాయేమో. విడాకులకు వచ్చిన మొగుణ్ణీ పెళ్ళాన్నీ వేరు వేరు గదుల్లో కూర్చోబెడతారు. ఒకరి తర్వాత ఒకరిని పిలిచి విని, ఒకరి మాట రెండోవారికి మేం చేరవెయ్యాలి. ఇంతేనా అనిపించింది. ముప్ఫై ఐదేళ్ళు మందుల షాపులో ఒక్క మాత్ర తేడా రాకుండా ఇచ్చినదాన్ని. ఉన్నది ఉన్నట్టు అందించడం నాకెవరూ నేర్పక్కర్లేదు.

అక్టోబర్ 10
చీవాట్లు తిన్నాను. రోల్‌ప్లేలో పెళ్ళాం వేషం వేసినావిడ, వాడి మొహం చూస్తే నాకు వాంతొస్తుంది అంది. పక్క గదిలో మొగుడిగా కూర్చున్న ఓనిషి గారికి అక్షరం పొల్లు పోకుండా అదే చెప్పాను. ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టర్. నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. కువబర గారు నవ్వలేదు. హిరాయమ గారూ, మీరు టేప్ రికార్డర్ కాదండీ, ముల్లు తీసేసి మాట అందించాలి అన్నారు. అబద్ధం చెప్పమంటారా అని అడిగాను. ఆవిడ ఇంకా ఎదురుపడే స్థితిలో లేదు, కొంచెం టైమ్ కావాలంటోంది అనండి, ఇందులో అబద్ధం ఎక్కడుందండీ అన్నారు.
ఇంటికొచ్చాక కూడా ఒళ్ళు మండుతూనే ఉంది.

అక్టోబర్ 12
మిఫుయుకి కమలాల పెట్టె పంపాను. రైల్లో రెండున్నర గంటల దూరం. అయినా నా కూతురు ఈ ఊరొచ్చి ఆరేళ్ళయింది. మనవరాలు కొతొహను రెండుసార్లే చూశాను.

అక్టోబర్ 24, పగలు రెండు గంటలు
కోర్టు పక్క కేఫ్‌లో కూర్చుని రాస్తున్నాను.
ఇవాళ నాకు తొమ్మిదేళ్ళ పిల్ల వేషం ఇచ్చారు. అమ్మానాన్నలు మాట్లాడుకోరు, పిల్ల చేత కబుర్లు పంపుకుంటారు. అమ్మ వేషంలో ఉన్నావిడ, తింటే తినమను లేకపోతే మాడి చావమను పో అంది. వెళ్ళాను. నాన్న వేషంలో ఓనిషి గారు తలెత్తి చూశాడు. నాన్నా, అన్నం చల్లారిపోతోంది, అమ్మ రమ్మంటోంది అన్నాను. అలా చెప్పమని ఎవరూ అనలేదు. నోట్లోంచి అదే వచ్చింది.
ఎందుకు మార్చారు అని కువబర గారు అడిగారు. భయమేసింది అన్నాను. పిల్లలు అందుకే మారుస్తారండీ, అందుకే పిల్లల చేత ఎప్పుడూ మాటలు మోయించకూడదు అన్నారు. అందరూ నోట్స్ రాసుకున్నారు. నేను రాసుకోలేకపోయాను.
మా ఇంట్లో రెండేళ్ళు ఇదే జరిగింది, వేషం కాదు. మేడ మీద ఆయన, కింద నేను, మెట్ల మీద మిఫుయు. నాన్నకి కడుపు నొప్పట, తర్వాత తింటాడట అనేది. నేను మెత్తబడి గంజి కాచి పంపేదాన్ని. ఒకరోజు ఆయనే దిగివచ్చి, నీ చేతి కూడు నాకొద్దని ఎన్నిసార్లు చెప్పి పంపాలి అని అరిచాడు. ఆయన్ని నేనేమీ అనలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని గుంజి, అబద్ధాలకోరు, నా కడుపున ఎలా పుట్టావే అన్నాను. అది ఏడవలేదు. గంజి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తర్వాత ఎవరి మాటా నాకు తెచ్చిపెట్టలేదు. తన మాటా చెప్పలేదు. వసంతానికల్లా విడాకులయ్యాయి.
అరవై రెండేళ్ళకి నేను నేర్చుకుంటున్న పని అది తొమ్మిదేళ్ళకే చేసింది. దానికి నేను పెట్టిన పేరు అబద్ధం. ఎంత సిగ్గుగా ఉందో.

అక్టోబర్ 27
ఉత్తరం రాశాను. చించేశాను.

అక్టోబర్ 30
నోరు జారి ఓనిషి గారికి చెప్పేశాను. మీ అమ్మాయికి నేను ఫోన్ చేసి మెల్లగా చెప్తాలెండి, నాకూ కాస్త ప్రాక్టీసవుతుంది అన్నాడు. మనిషి మంచివాడే. ఇంకొకరి చేత మోయించేది లేదన్నాను.

నవంబర్ 2, ఆదివారం ఉదయం
ఫోన్ చేశాను. కొతొహ తీసింది. ఐదేళ్ళ గొంతు. నేను అమ్మమ్మని, అమ్మని పిలువు తల్లీ అన్నాను. అమ్మా, అమ్మమ్మ ఫోను అని అరుస్తూ పరిగెత్తింది. మిఫుయు మాట నాకు స్పష్టంగా వినిపించింది. ఆవిడతో నాకు మాట్లాడ్డానికేం లేదు, పెట్టెయ్ అంది.
చిన్న అడుగుల చప్పుడు. అమ్మమ్మా, అమ్మ బట్టలారేస్తోంది, చేతులు తడిగా ఉన్నాయట, తర్వాత చేస్తానంది అంది కొతొహ.
బాగా చెప్పావు బంగారం, ఇంక నువ్వేం మొయ్యక్కర్లేదు, ఫోన్ తీసుకెళ్ళి అమ్మ చెవి దగ్గర పెట్టు చాలు అన్నాను. పెట్టింది.
నువ్వు అబద్ధాలకోరువి కాదు అన్నాను. ఆ ఇల్లు రెండేళ్ళు నిలబడింది నీ వల్లే, పెద్దదాన్నయి ఉండి ఆ మాట అన్నది నేను, తప్పు నాది అన్నాను. కొతొహ నీతో ఏం చెప్పింది అని మిఫుయు అడిగింది.
ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

నవంబర్ 3
నిన్న ఫోన్ పెట్టేసే ముందు మిఫుయు కొతొహను దగ్గరికి పిలిచింది. తిట్టలేదు. అవునమ్మా, చేతులు తడిగానే ఉన్నాయి అంది.