నిరంజన్ వ్యాసానికి సర్పంచి ముద్ర

విశాఖపట్నం,
3-4-2000

మహాలక్ష్మీ సమానురాలైన సుభద్ర పిన్నికి నిరంజన్ సాష్టాంగపడి రాయునది.

ఈ ఉత్తరం వల్ల నీ వంటకూ, మన జీడితోటకూ, దేశ ఆర్థిక పరిస్థితికీ కలగబోయే నష్టానికి ముందుగానే తల వంచి క్షమాపణ కోరుతున్నాను. విషయం చిన్నదే. హైదరాబాదులో ఎమ్మే సీటు కావాలంటే దరఖాస్తుతో పాటు వ్యాసం రాయాలట: "నన్ను మనిషిని చేసిన సంఘటన". నా జీవితంలో సంఘటనలు రెండే. టెక్కలి బస్సులో చెప్పు పోవడం, కుక్క కరవడం. అందుకని అమ్మ గురించి రాద్దామనుకుంటున్నాను. ఆవిడ పోయేనాటికి నాకు రెండేళ్ళు, ఏమీ గుర్తులేదు. నువ్వు ఆవిడ చెల్లెలివి. ఎలా ఉండేదో రాసి పంపు.

నీ పెంపకంలో చెడిన,
నిరంజన్

తా.క.: జీడిపప్పు కూడా పంపితే వ్యాసం బలంగా వస్తుంది.

అక్కుపల్లి,
10-4-2000

చిరంజీవి నిరంజన్‌ని పిన్ని దీవించి రాయునది.

కాలేజీవోలకి నీ కట్టాలు సెప్పాలా? ఓస్, ఇంతేనా! తుఫాను సాయానికి ఊరందరి అర్జీలూ ఎవులు రాసినారు? నానే. అర్జీలో అమ్మలు పనికిరారు, నట్టం సూపించాల. నీ పేరున రాసీసినాను: పడిపోయిన కొబ్బరిసెట్లు, ఎగిరిపోయిన పెంకులు, కుక్కకాటు. సర్పంచి ఢిల్లీశ్వరరావు మావ సేత ముద్ర కూడా ఏయించి ఇందులో పెట్టినాను.

ఇట్లు,
పిన్ని

తా.క.: కుక్కకాట్లు రెండని రాసినాను. ఒకటైతే ఆఫీసులో కొట్టీత్తారు.

విశాఖపట్నం,
17-4-2000

పూజ్యురాలైన పిన్నికి నమస్కారాలు.

ఇది తుఫాను సాయం కాదు తల్లీ! వాళ్ళకు నష్టం అక్కర్లేదు, నిజమైన కథ కావాలి. అబద్ధం రాస్తే పట్టేసుకుంటారు. అమ్మ గురించి ఒక్క ముక్క రాయి, చాలు.

ఇట్లు,
ఒక్కసారే కరిపించుకున్న నిరంజన్

తా.క.: ఆ ముద్ర కాగితం మా రూములోవాళ్ళు గోడకి అంటించారు. అందరూ వచ్చి దండం పెడుతున్నారు.

అక్కుపల్లి,
26-4-2000

చిరంజీవి నిరంజన్‌కి ఆశీస్సులు.

పట్టేసుకుంటారని రాసినావు కదా, తనిఖీకి వత్తారని సగం పెంకులు దింపించీసినాను. నిన్న ప్యాంటేసుకుని ఒకాయన రాగానే, తనిఖీవోడనుకుని పక్కింటి దేముడమ్మ గొల్లుమని ఏడిసింది. తీరా సూత్తే ఆయన జీడితోటలకి పురుగుల మందమ్మేవోడట. ఆయనా ఏడిసి, ఒక డబ్బా ఊరికే ఇచ్చి ఎలిపోనాడు.

ఇట్లు,
పిన్ని

తా.క.: మీ అమ్మ గురించి రాయాలంటే నాకు సెయ్యాడదురా. రాసీత్తే నువ్వామె కొడుకువైపోతావు, నాను ఉత్త పిన్నినైపోతానని బయం. సరే, విను. జీడిపండు రసం పడితే మరక పోదు కదా. మా అప్ప ఆ మరక సీరతోనే పెళ్ళిసూపులకి కూకుంది. "ఆ మరకేటి?" అని మీ నాన్న అడిగితే, "నచ్చితే నానూ మరకా కలిసే వత్తాం" అంది. నవ్వితే సప్పుడుండదు, బుజాలే ఊగుతాయి. నువ్వూ అంతే. నువ్వు నవ్వినపుడల్లా నాను లేసి వంటింట్లోకి ఎలిపోయేది అందుకే.

విశాఖపట్నం,
5-6-2000

పిన్నికి నమస్కరించి రాయునది.

సీటు వచ్చింది. ఇక పెంకులు పైకెక్కించు, వానలొస్తున్నాయి.

నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే దరఖాస్తు పోస్టు చేసేశాను. అందులో వ్యాసం నీ గురించే. లెక్కల్లో నేను తప్పితే నువ్వు బడికొచ్చి, పేపరే తప్పని మాస్టారితో పోట్లాడి, గేటు దాటాక నా చెవి మెలిపెట్టావే, ఆ రోజు గురించి.

ఇట్లు,
నీ కొడుకు
నిరంజన్

తా.క.: అమ్మ గురించి కాలేజీవాళ్ళు అడగలేదు పిన్నీ. నేనే అడిగాను. నాకోసం అడిగే ధైర్యం లేక, పాపం, వాళ్ళ పేరు వాడుకున్నాను.