కర్రలా నిలబడ్డ గీతలు

మదీనాగూడ,
15 జూలై 2025, మంగళవారం.

ప్రవీణ అత్తకి,

యశస్విని నమస్కారాలు. ఉత్తరమంటే ముందు క్షేమం రాయాలని నువ్వే నేర్పావు కాబట్టి రాస్తున్నా. ఇక్కడ అందరం క్షేమం, కాకపోతే అలసిపోయి ఉన్నాం. నాన్న ఆఫీసు నుంచి వచ్చి షూ విప్పకుండానే సోఫాలో పడిపోతున్నారు. అమ్మ గ్రైండర్ పక్కన నిలబడే కునుకు తీస్తోంది. నువ్వు కూడా క్షేమమే అనుకుందామంటే, మొన్న ఆదివారం నీ మొహం చూశాక అనుకోలేకపోతున్నా.

తప్పులుంటే నవ్వకు. తెలుగు పీరియడ్‌లో తప్ప నాకు తెలుగు రాసే పనే ఉండదు. వాట్సాప్‌లో పెడదామంటే అమ్మ నా ఫోన్ చూస్తుంది. ఫోన్ చేద్దామంటే నీ గొంతు వినగానే నాకు నోరు పెగలదు. అందుకే రేపు పొద్దున నాన్న నీకిచ్చే ఇడ్లీ పిండి డబ్బా కింద, సంచి అడుగున పెడుతున్నా.

అత్తా, గురువారం ఫారిన్ వాళ్ళతో జరిగే మీ ఆఫీసు కాల్‌లో నువ్వు మాట్లాడొద్దు. ఒక్క వారం వాయిదా వెయ్యి. ఇది అడగడానికే రాస్తున్నా.

కోపం వస్తుందని తెలుసు. ఇంత పెద్ద విషయం మన టీమ్‌కి దొరకడం మామూలు సంగతి కాదు ప్రవీణ గారూ, ఫారిన్ వాళ్ళకి మీరే చెప్పాలి అని మీ మేనేజర్ శివశంకర్ గారు అన్నారని చెప్పావు. చెప్పేటప్పుడు నువ్వు మాత్రం నవ్వలేదు. గ్రీన్‌లాండ్ పక్కన లాబ్రడార్ సముద్రంలో పోయిన చలికాలం నీళ్ళు కిందికి దిగలేదే యశూ అన్నావు. ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేదని చెప్పినట్టు అన్నావు.

నువ్వు చెప్పినవన్నీ గుర్తున్నాయి నాకు. అక్కడి చలిగాలికి పైనీళ్ళు చల్లబడి, బరువెక్కి, కిలోమీటరు, కిలోమీటరున్నర లోతుకి దిగిపోతాయి. దిగుతూ దిగుతూ గాలిని కూడా తీసుకెళ్తాయి. అడుగున బతికేవాటికి అదే ఊపిరి. నీళ్ళు అలా దిగుతూ ఉంటేనే దక్షిణాన్నించి వెచ్చని నీళ్ళు ఉత్తరానికి సరిగ్గా నడుస్తాయి. ఆ నడక మందగిస్తే ఎక్కడెక్కడో చలి, ఎక్కడెక్కడో వాన తారుమారవుతాయి, మన వానలతో సహా. మంచు కరిగిన నీళ్ళు పైన మూతలా పరుచుకుంటే దిగడం ఆగిపోవచ్చన్నావు. ఆగినా పైన ఏమీ తెలీదన్నావు. ఓడలో వెళ్ళేవాళ్ళకి అదే సముద్రం.

ఆ మాట విన్నప్పటి నుంచి నీతో పాటు నాకూ బాధే. అందుకే స్కూల్ ఎగ్జిబిషన్‌కి కూడా అదే పెట్టుకున్నా. మొన్న నీ వంటింట్లో పాత చేపల తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పైన ఐస్ నింపిన స్టీలు పళ్ళెం తేలనిచ్చాను కదా. మీ పనిమనిషి నాగమణి ఒకటే నవ్వు. ఏంది బిడ్డా, గిన్ని ఐసుముక్కలు ఖరాబ్ జేస్తున్నవ్, షర్బత్ జేస్తవా అంది. సముద్రం చేస్తున్నా అన్నాను. మన దిక్కు సముద్రమే లేదు, గా ఫికర్ నీకెందుకు, జర మీ అత్త సంగతి జూడు, కూసున్న కాడ్నే పండుకుంటున్నది, మెడ పట్కుంటది అంది. నిజమే చెప్పింది.

పళ్ళెం అంచున ఇంకు చుక్కలు వేశాను. చల్లబడ్డ నీళ్ళతో పాటు నీలం దారాల్లా దిగాయి. ఎంత బాగుందో అత్తా. నిన్ను పిలుద్దామనుకున్నా. గంట తర్వాత థర్మామీటర్ పైన, మధ్యలో, అడుగున పెట్టి చూసి గ్రాఫ్ గీశాను. గీసి, లేవబోయి స్టీలు గిన్నె కింద పడేశాను. ఏమైందే, ఏం పగలగొట్టావ్ అని నువ్వు లోపల్నించి అరిచావు. ఏం లేదు అన్నాను. గ్రాఫ్ కాగితం మడిచి బ్యాగులో దాచుకున్నాను.

అప్పట్నించి ముద్ద దిగట్లేదు. అమ్మ యూనిట్ టెస్ట్ భయమనుకుంటోంది. టెన్త్‌కే ఇట్లా అయితే ఇంటర్‌లో ఏం చేస్తావే అంటోంది. మాట్లాడకుండా ఉండడం కూడా ఇంత అలసటని నాకు తెలీదు.

ఒకవేళ ఆ నీళ్ళు దిగే ఉంటే? ఆగిపోయాయని నువ్వు అంతమంది ముందు చెప్పాక ఆ సంగతి బయటపడితే? పన్నెండేళ్ళుగా ఒక్క తప్పు లేదని మీ ఆఫీసులో నీకు పేరు. ఆ పేరు పోతే నువ్వు ఏమీ అనవు, ఇంకా ఎక్కువ పని చేస్తావు. అది నేను చూడలేను. వాయిదా వెయ్యి అత్తా. జ్వరమని చెప్పు.

నీ
యశూ

తా.క. ఇక్కడితో ఆపేసి కవరు అతికించాను. మళ్ళీ చింపాను.

జూన్ 22, ఆదివారం మధ్యాహ్నం. అన్నం తిని, లాప్‌టాప్ ముందే టేబుల్ మీద తల పెట్టి నిద్రపోయావు. సముద్రంలో తేలే యంత్రాలు పంపిన లాబ్రడార్ గీతలు, పైనుంచి లోతుదాకా నీటి వేడి చూపేవి, నువ్వు మంచివో చెడ్డవో తేల్చాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. అంతకుముందు వెచ్చని సముద్రాల గీతలు చూడ్డం నువ్వే నేర్పావు. వంకర తిరిగితే మంచిది, పైనుంచి కిందికి కర్రలా నిలబడితే సెన్సర్ చచ్చినట్టు. లాబ్రడార్‌వి మాత్రం వేరు, నువ్వు ముట్టుకోకు అన్నావు. నీకు ఆ గంటైనా నిద్ర దొరకాలని ముట్టుకున్నాను. నలభై మూడు కర్రల్లా ఉన్నాయి. నలభై మూడింటికీ చెడ్డదని టిక్ పెట్టాను. నువ్వు లేచి, ఇవెప్పుడు చేశానే, నిద్రలో కూడా పనేనా అని నవ్వావు. నేనూ నవ్వాను.

మొన్న నా తొట్టిలో పైనీళ్ళు అడుగుదాకా దిగి, అంతా ఒకే చల్లదనం అయ్యాక, గీత అలాగే వచ్చింది. కర్రలా. సముద్రం ఆగలేదు అత్తా. దిగిన నీళ్ళనే నేను తీసిపారేశాను.

ఇంట్లోవాళ్ళకి స్క్రీన్ చూపించకూడదని మీ ఆఫీసు రూల్. నిజం చెప్తే నీకు ఇంకో తప్పు పడుతుందని తెలుసు. అందుకే రెండ్రోజులు నోరు మూసుకున్నా. ఆ టిక్కులన్నీ ఆ రోజు రెండున్నరకీ నాలుగుకీ మధ్యవి, వెతికితే దొరుకుతాయి. నా గ్రాఫ్ కూడా ఇందులో పెట్టాను. శివశంకర్ గారికి నా పేరు చెప్పు.

రేపు సాయంత్రం స్కూల్ నుంచి నేరుగా మియాపూర్ మీ ఇంటికి వస్తాను. తిట్టినా పర్లేదు. తలుపు మాత్రం తియ్యి.