నడుము వంచితేనే వచ్చిన పాట

బుడ్డీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ రోజు నీ కాలేజీ దోస్తులు నలుగురు మన ఇంటికి వచ్చారు. కాలేజీ వార్షికోత్సవంలో జనం కష్టాల మీద పాటలు కట్టి ఆడతారట. ఉద్యోగాల పాట, ఓట్ల పాట కుదిరాయి. మూడోది నీ నోటుబుక్కులోది పెట్టాలని వాళ్ల ఆశ. ప్లాట్ల కింద చెరువు మాయమైందని రాశావే, అది.

"మాటలున్నయి గానీ బాణీ తెల్వదమ్మా. ఇయ్యాల కుదరకుంటే తీసేయుమన్నడు సార్," అంది రజిత.

వేలు పెట్టి మెల్లగా చదివాను. పాట పైన "అమ్మ నాటు పాట లెక్క" అని రాసుకున్నావు. నాకెప్పుడూ చెప్పలేదు.

నువ్వు పోయాక నేను పాడలేదు. నిలబడి ఎత్తుకుంటే బాణీ అందలేదు. నడుము వంచి, వరి నాటు వేస్తున్నట్టు చేతులాడిస్తే వచ్చింది. ఒక వరుస పాడి ఆగాను. పొలంలో ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవాలి కదా. గట్టు మీద కూర్చుని నువ్వే ముందు అందుకునేదానివి. నీ గొంతు కోసమే ఆగానేమో. ఆ నలుగురూ అందుకున్నారు.

"స్టేజి మీద గూడ గిట్లనే వంగి పాడుదామే!" అంది రజిత.

"నడుములు పడిపోతయి బిడ్డా, జర పైలం," అన్నాను. అందరూ నవ్వారు.

పాట ఖాయమైంది. పిల్లలకు సర్వపిండి చేసి పెట్టాను. పాటల ధ్యాసలో పడితే నీకు ఆకలి గుర్తుండదు. అక్కడైనా వేళకు కడుపునిండా తిను, బిడ్డా.