పోశవ్వ సాలు

బోథ్, 24-4-1987

బాపూ, కంపెనీ గోల్ఫ్ మైదానంలో నువ్వు మేస్త్రీగా ఉన్నప్పుడు, కలుపు తీసే పోశవ్వకు చూపు తగ్గిన సంగతి నీకు ఎరుకేనా? ఏండ్ల సంది అడుగాలనుకుంటున్న. ఆమె పని పోతదని, ఆమె సాలులో మిగిలిన గడ్డిని పక్క సాళ్ల కూలోళ్లు, అటు బాలవ్వ, ఇటు అంతయ్య గుట్టుగా పీకేటోళ్లు; తమ సాళ్లు వెనుకబడి నీతోని తిట్లు తినేటోళ్లు. నీకు సద్ది తెచ్చినప్పుడు నేను చూసిన.

మొన్న కొండగట్టు మీద పోశవ్వ, బాలవ్వ కలిసిండ్రు. "నా సాలుల మీ బాపు ఒక్కనాడు గడ్డిపోచ చూపెట్టలే బిడ్డా!" అని పోశవ్వ మురిసింది. "అవ్, తిట్లన్నీ మాకే" అంటూ బాలవ్వ నాకు కన్ను గీటింది. నేనూ నవ్వి ఊరుకున్న.

అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మామిడికాయ తొక్కు తమ్మునితో పంపు. మీ ఇద్దరికీ దండాలు.

పోశవ్వకు నిజం చెప్పకపోవుడు మంచితనమో, బాలవ్వ వాళ్లకు అన్యాయమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.

మనోరమ