నువ్వు తీసిన తలుపు పలక

రమణయ్యన్నా,

పట్టపగలు నీ కొట్లో దొంగ పడి నిన్ను చంపిపోయి నేటికి ఏడాది. వాడింకా దొరకలేదు. మైపాడు టీ అంగట్లో మాత్రం తలా ఒక కథ చెబుతున్నారు. నెల్లూరు ముఠా అని ఒకరు, పడవలో వచ్చినోడని ఒకరు. నాకు ఒళ్ళు మండి, "మనిషిని దొంగను చేసే ఈ వ్యవస్థను పట్టుకోండి ముందు!" అని బల్ల గుద్దినాను.

పక్కన టీ తాగుతున్న సుబ్బయ్య మామ నవ్వినాడు. "వ్యవస్థ వచ్చి పిలిస్తే తలుపు తీసినాడా అబ్బయ్యా? మజ్జాన్నం కొట్టు మూసినాక రమణయ్య ఎవురికీ తీయడు. తలుపు పలక లోపలినించే తీసుండాది. బాగా కావల్సినోడికే తీసినాడు."

మూసిన కొట్లోకి నవ్వుతూ ఒక్క పలక పక్కకు జరిపి నువ్వు రానిచ్చేది నన్నొక్కణ్ణే అనుకున్నాను కదన్నా. బియ్యం బస్తా మీద కూర్చుని నేను కరపత్రాలు చదువుతుంటే, నువ్వు ఊకొడుతూ కునికేవాడివి. ఊళ్ళో ఎవరికీ లేని ఆ చోటు నాదని ఎంత మురిసినానో!

వాణ్ణి ఉరి తీయాల. ఉరిశిక్ష కూడదని నీతో గంటలకొద్దీ వాదించింది నేనే, అయినా తీయాల. అంతకుముందు వాణ్ణి ఒక్కటడగాల, వాడికి కూడా నువ్వు నవ్వుతూనే తలుపు తీసినావా అని.