కార్జానికి ఎల్లిగడ్డ

అత్తమ్మకు హైదరాబాదు దవాఖాన నుంచి మీ కోడలు యాదలక్ష్మి దండాలు. మీ కొడుకు గండం దాటాడు, ఇక ఫికర్ పడకండి.

చక్కెర బీమారితో ఆయన కార్జానికి, అదే లివరుకు, వచ్చిన వాపు తగ్గుముఖం పట్టింది. నిన్న డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఏం పెడుతున్నవమ్మా?" అని అడిగాడు. సూదులు తప్పకుండా వేయిస్తున్నాననీ, రోజూ జొన్నరొట్టెలోకి ఎల్లిగడ్డ రెబ్బలు నూరి పెడుతున్నాననీ చెప్పాను. "సూది మాత్రం మానొద్దు. ఎల్లిగడ్డతోనే తగ్గిందని నేననను. కానీ గీ బీమారిల అది కార్జాన్ని కాపాడొచ్చని మాకూ ఆశ ఉన్నది, పరీక్షలు చేస్తున్నం. నువ్వు పెట్టు" అన్నాడు. ఆ పూటంతా వార్డులో తలెత్తుకుని తిరిగాను.

"పండరి తులసి మాల వేసినోడు ఎల్లిగడ్డ ముట్టొద్దు, పెడితే నా గడప తొక్కకు" అన్నారు కదా మీరు. తొక్కుతాను. ఆయన్ను వెంటబెట్టుకుని మరీ తొక్కుతాను.

బర్రె ఈనిందా? దూడ పాలు తాగుతోందా? వెంకటయ్య బావ ఇటు వచ్చేటప్పుడు జొన్నపిండి, అటక మీది ఎల్లిగడ్డలు ఇచ్చి పంపండి. ఇక్కడి గడ్డల్లో ఘాటు లేదు. పోస్టు బాలయ్య ఈ కార్డు ఎలాగూ చదువుతాడు, మన కోస్గి అంతా చెప్పమనండి.

మాల తీసి పారేశామని మాత్రం ఏడవకండి. పండరిపురంలో మీరు వేయించిన మాల నేలను తాకలేదు. ఆయన మెడలోంచి తీసి నా మెడలో వేసుకున్నాను. ఆయన తింటున్నాడు, నేను మానేశాను. రోజూ నూరేది నేనే గనుక ఆ వాసనకు నోరూరి చస్తున్నాను. దీవించేటప్పుడు నన్ను మరవకండి.