హాప్సు వేరు, హాఫు వేరు

కొంపల్లి,
మంగళవారం.

ఎక్సైజ్ సూపరింటెండెంట్ గారి సముఖమునకు, కొంపల్లి నివాసి, విశ్రాంత హెడ్ గుమాస్తా, కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి జోగారావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మత్తు తక్కువ, చేదు ఎక్కువ గల బీరు కుళాయికి వేసిన సీలును శుక్రవారం లోగా విప్పించుట గురించి.

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. మా కాలనీ గేటు ఎదుట, బీరును అక్కడికక్కడే తయారుచేసి పోయు మైక్రో బ్రూవరీ ఒకటి కలదు. అందు బీరు కాచు అమ్మాయి పేరు రేచల్. గాజులరామారం వాస్తవ్యురాలు, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఆమె తల్లి ఎలీషమ్మ గారు చర్చిలో అడిగినవారికి తన కూతురు "కూల్ డ్రింక్స్ లైన్‌లో" ఉన్నదని చెప్పుకొనుచున్నారు. ఈ సంగతి తమరు దయచేసి బయట పెట్టవద్దు.

2. సదరు రేచల్ ఆరు నెలలు తంటాలు పడి, నూటికి మూడు పాళ్ల లోపే మత్తు ఉండు బీరు ఒకటి తయారుచేసినది. అందులో హాప్స్ దండిగా వేసినది. హాప్స్ అనగా చలిదేశాలలో తీగకు పూయు పచ్చని పువ్వు. దానిని ఎండబెట్టి, మాత్రలుగా చేసి, చేదుకూ సువాసనకూ బీరులో వేయుదురు. నేను పరిశీలనార్థము ఒక మాత్ర నోట వేసుకొంటిని. మరునాటి ఉప్మా దాకా చేదు వదలలేదు.

3. బోర్డు తెలుగులో ఉంటే నలుగురూ చదువుతారని ఆమె సుచిత్ర చౌరస్తాలోని పెయింటర్ మల్లేశానికి ఫోను చేసి "హాప్స్ దండిగా వేసిన లైట్ బీర్" అని చెప్పినది. అతడు "హాఫ్స్ దండిగా వేసిన లైట్ బీర్" అని ఎర్ర రంగుతో వ్రాసి పోయినాడు. మన ప్రాంతంలో హాఫ్ అంటే విస్కీ సగం సీసా అని తమరి శాఖకు నేను చెప్పనక్కరలేదు. మల్లేశాన్ని నిలదీయగా, "నాకేం ఎరుక సార్? గా పిల్ల ఫోన్ల జెప్తాంది, ఎన్క నుంచి లారీలు పోతున్నయ్, నాకు హాఫ్ అనే ఇనవడ్డది. హాప్స్ అంటే ఏందో మా ఖాందాన్ల ఎవ్వనికి తెల్వది. హాఫ్ తెల్వనోడు ఉంటడా?" అని నన్నే అడిగినాడు.

4. సదరు బోర్డు చూచి, ఎవరో ఆకాశరామన్న, బీరులో విస్కీ హాఫ్‌లు కలిపి లైట్ అని పోయుచున్నారని తమరికి పేరు లేని ఉత్తరం వ్రాసినాడు. లోపలికి వెళ్లి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. వట్టి తొందరపాటు మనిషి! అయితే దుర్మార్గుడు కాడు. ఆ రోజు మోకాళ్ల నొప్పితో చిరాకుగా ఉండి ఉండవచ్చును.

5. వీధిదీపం, మురుగు కాలువ, కోతులు మొదలగు విషయములపై గత పదకొండేళ్లలో నేను వివిధ చోట్లకు నలభై ఒక్క అర్జీలు పంపితిని. ఒక్కదానికీ జవాబు లేదు. ఆకాశరామన్న ఉత్తరానికి మాత్రం తొమ్మిదో రోజునే జీపు వచ్చినది, శాంపిల్ తీసినది, కుళాయికి లక్క సీలు వేసినది. అయ్యా, ఎవరైనా ఏ ధైర్యంతో అర్జీలు రాస్తారు? ఎవరూ చదవరనే ధైర్యంతోనే కదా! చదివేస్తారని ఎవరు కలగన్నారు?

6. ఆ తొమ్మిది రోజులలో నేను ప్రతి సాయంత్రం వెళ్లి, కేవలం సంఘం తరఫున, సదరు బీరును పరిశీలించితిని. మొదటి గుక్క కాకరకాయ వేపుడు. రెండో గుక్కలో బత్తాయి తొక్క గిల్లినట్టు వాసన. మూడో గుక్కకు నాలుక శుభ్రపడి నాలుగోది తానే అడుగును. మత్తు తక్కువ కదా, నీళ్లలా ఉండునేమో అనుకొంటిని. లేదు, నోటికి నిండుగా తగులుచున్నది. రేచల్‌ను అడుగగా, "స్ట్రాంగ్ బీర్ల తప్పు జేసినా మత్తు కింద దాగుతది అంకుల్. దీంట్ల దాగనీకి జాగ లేదు. బార్లీ జర తగ్గినా, హాప్స్ జర ఎక్కువైనా నాలుక పట్టేస్తది" అన్నది. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు రాసిన నాకు, తప్పు దాచుకునే జాగా లేని పని ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసినది.

7. మా శ్రీమతి సీతామహాలక్ష్మి, నేను బయటి నుంచి రాగానే గడప దగ్గర ఆపి "ఎర్ర లారీ, తెల్ల లారీ" అని పదిసార్లు గబగబా చెప్పించును. స్ట్రాంగ్ బీరు రోజులలో నేను మూడో లారీకే బోల్తా. ఈ బీరు రెండు గ్లాసులు త్రాగిన నాడు పది లారీలూ క్షేమముగా చేరినవి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇదేదో బాగానే ఉందండీ. ఆదివారం నేనూ వస్తాను, నిమ్మకాయ సోడా ఇప్పించండి" అన్నది. ముప్పై నాలుగేళ్లలో నేను బయటికి పోతుంటే తానూ వస్తానన్నది ఇదే మొదలు. ఆ ఆదివారం మధ్యాహ్నమే మీ జీపు వచ్చింది. అయ్యా, అప్పటికి ఆవిడ చీర కూడా మార్చుకుంది.

8. హాప్స్ వాసన ఎంతో కాలం నిలవదు. శుక్రవారం లోగా సీలు విప్పని యెడల ట్యాంకు మొత్తం మోరీలో వదిలేయాలనీ, ఇక మీదట అందులో స్ట్రాంగే కాయాలనీ యజమాని చెప్పినాడు. "స్ట్రాంగే జేసుడైతే నేనెందుకు అంకుల్, నేను మానేస్త. మీరు మంచిగ రాస్తరంట గదా, ఒక అర్జీ రాసియ్యున్రి" అని రేచల్ నన్నే అడిగినది. నన్నే.

కావున, శాంపిల్‌ను ఎంత పరీక్షించినా అందులో హాఫ్ కాదు గదా, క్వార్టర్ కూడా దొరకదని హామీ ఇచ్చుచున్నాను. బోర్డు నేనే దగ్గరుండి దిద్దించితిని. తమరు దయతో చిత్తగించి, సదరు సీలును శుక్రవారం లోగా విప్పించవలెను.

తమ విధేయుడు,
జోగారావు

తా.క.: అర్జీ ఫెయిర్ చేసి రేచల్ చేతికిచ్చాను. చదివి, మీవాళ్లు ఇచ్చిపోయిన ఆకాశరామన్న ఉత్తరం నకలు తెచ్చి పక్కన పెట్టింది. "అంకుల్, గీ ఉత్తరంల గూడ సదరు, సదరు అనే ఉన్నది. ఆఖర్ల దయతో చిత్తగించి అని గూడ ఉన్నది. కొంపల్లిల గిట్ల రాసేటోళ్లు ఎంతమంది ఉన్నరంటరు?" అంది. ఎడమ చేత్తో రాశానయ్యా, అయినా దొరికిపోయాను. బీరు తాగకుండానే మొదటి లారీకే బోల్తా పడ్డాను. పిల్ల తిట్టలేదు. తిడితే బాగుండేది. "జల్దీ పోయి ఇచ్చి రాండ్రి, శుక్రారం దగ్గర పడ్డది" అని మాత్రం అంది.

అయ్యా, ఆ ఆకాశరామన్నను నేనే. నా జన్మలో మీరు చదివిన అర్జీ అదొక్కటే. కాళ్లు పట్టుకుంటాను, ఇది కూడా చదవండి.